పేపరు పేరు ఒకటే, లోపలి సరుకు వేరు: జర్మనీ మాస్టర్స్‌లో మ్యాథ్స్ కోర్సుల ఎంపికపై ఒక కేసు

మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఊరు, యూనివర్సిటీ, సంవత్సరం చెప్పడం లేదు. షీట్ల (వారం వారం చేసి ఇవ్వాల్సిన లెక్కల పత్రాల) మార్కులు, క్రెడిట్లు, గంటలు మాత్రం వదల్లేదు. ఈ కేసులో ప్రతి నిర్ణయమూ ఆ అంకెల మీదే నడిచింది.

నేపథ్యం

అమ్మాయిది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ గ్రూపు. మ్యాథ్స్ పేపర్లలో తొంభైకి తగ్గింది లేదు. మూడో సెమిస్టర్‌లో రియల్ అనాలిసిస్, నాలుగులో ఆల్జీబ్రా, ఐదులో లీనియర్ ఆల్జీబ్రా, ఆరులో న్యూమరికల్ అనాలిసిస్ చదివింది. జర్మనీలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఇంగ్లిష్‌లో నడిపే రెండేళ్ల మ్యాథ్స్ మాస్టర్స్‌లో సీటు వచ్చింది. మొత్తం 120 ఈసీటీఎస్ (యూరప్‌లో చదువు బరువును కొలిచే) క్రెడిట్లు. అందులో కోర్సులకు 90, థీసిస్‌కు 30.

అడ్మిషన్ లెటర్‌లో షరతులేమీ లేవు. చదివిన డిగ్రీలో ఏదైనా తక్కువైందనిపిస్తే జర్మన్ యూనివర్సిటీలు ‘ఔఫ్‌లాగెన్’ అని షరతు పెడతాయి. ఫలానా బ్యాచిలర్స్ కోర్సులు ఇన్ని నెలల్లో పాసవ్వాలి అని. అది రాలేదు కాబట్టి తన డిగ్రీ అక్కడి డిగ్రీకి సరిసమానమేనని ఆమె అనుకుంది. ఇంట్లోవాళ్లూ అలాగే అనుకున్నారు. అడ్మిషన్ కమిటీ ముందు ఉండేది మార్కుల మెమో, పేపర్ల పేర్లు, క్రెడిట్ల లెక్క. ‘రియల్ అనాలిసిస్’ అన్న పేరు చూసి తమ అనాలిసిస్ లాంటిదే అనుకోవడానికి వాళ్లకు అన్ని కారణాలూ ఉన్నాయి. షరతు లేదంటే సీటు ఇచ్చారని మాత్రమే అర్థం. ఏ కోర్సుకు సిద్ధంగా ఉన్నామన్నది ఆ లెటర్ చెప్పదు.

అక్కడ మ్యాథ్స్ బ్యాచిలర్స్ అంటే దాదాపు అంతా మ్యాథ్సే. మొదటి మూడు సెమిస్టర్లలోనే అనాలిసిస్ మూడు భాగాలు, లీనియర్ ఆల్జీబ్రా రెండు భాగాలు అయిపోతాయి. ఒక్కోటి 9 క్రెడిట్లు అనుకున్నా 45. మన మూడు సబ్జెక్టుల డిగ్రీలో సెమిస్టర్‌కు మ్యాథ్స్ పేపరు ఒకటి. మన రియల్ అనాలిసిస్ సీక్వెన్సులతో మొదలై రీమాన్ ఇంటిగ్రల్ దగ్గర ఆగుతుంది. అక్కడ అది ఇంచుమించు మొదటి సెమిస్టర్ సరుకు. అనేక చరరాశుల్లో డెరివేటివ్‌ను లీనియర్ మ్యాప్‌గా చూడటం, మెట్రిక్ స్పేసులు, లెబేగ్ ఇంటిగ్రల్ మన విద్యార్థికి సరిగ్గా ఎదురయ్యేది ఎంఎస్సీలో. అంటే ఈ అమ్మాయి ఎంఎస్సీ ఫస్టియర్ చదవకుండా సెకండియర్ క్లాసులో కూర్చుంది.

వచ్చిన సమస్య

క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలయ్యాయి. వీసా ఆలస్యమై ఆమె నవంబర్ మొదటి వారంలో దిగింది. అప్పటికే మూడు షీట్ల గడువు దాటింది. దిగిన వారంలోనే నాలుగు కోర్సులు ఎంచుకుంది: ఫంక్షనల్ అనాలిసిస్, ప్రాబబిలిటీ థియరీ, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, న్యూమరిక్స్. ఒక్కోటి 9 క్రెడిట్లు, మొత్తం 36.

మొదటిది డిపార్ట్‌మెంట్‌లో ‘అందరూ తీసుకునేది’. రెండోది వాట్సాప్ గ్రూపులో సీనియర్లు చెప్పింది, ఫైనాన్స్ ఉద్యోగాలకు పనికొస్తుందని. మూడోది డిగ్రీ మొదటి ఏడాదిలో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ బాగా చేసింది కాబట్టి. నాలుగోది కోడింగ్ ఉంది కాబట్టి. నాలుగు కారణాల్లో ఒక్కటి కూడా ‘దీనికి ముందు ఏం తెలిసుండాలి’ అన్న ప్రశ్న నుంచి రాలేదు. మన కాలేజీలో మ్యాథ్స్‌లో ఎంచుకునేది పెద్దగా ఏమీ ఉండదు, సెమిస్టర్‌కు ఏ పేపరన్నది యూనివర్సిటీ ముందే తేల్చేస్తుంది. అలవాటు లేని పని కాబట్టి ఆ ప్రశ్న తట్టలేదు.

కోర్సుల వివరాలుండే మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో ఫంక్షనల్ అనాలిసిస్ కింద ‘అనాలిసిస్ మూడు భాగాలు, లీనియర్ ఆల్జీబ్రా రెండు భాగాలు తెలిసుండటం మంచిది’ అని ఉంది. ‘మంచిది’ అన్నారంటే లేకపోయినా నడుస్తుందని ఆమె చదువుకుంది. తెలిసుండకపోతే ఎవరూ ఆపరని మాత్రమే ఆ మాటకు అర్థం. రిజిస్ట్రేషన్ పోర్టల్ కూడా ఆపలేదు.

డిసెంబర్ మొదటి వారంలో సలహా కోసం మా దగ్గరకు వచ్చేసరికి ఆమె అడిగిన ప్రశ్న ఇది: “సార్, మ్యాథ్స్ మానేసి డేటా సైన్స్‌కి మారిపోనా?”

మొదట చేసిన లెక్క

మారాలా వద్దా అన్నది పక్కనపెట్టి ముందు అంకెలు వేశాం. ఆ డిపార్ట్‌మెంట్‌లో ప్రతి కోర్సుకూ 13 షీట్లు, షీట్‌కు 16 మార్కులు. మొత్తం 208లో సగం, అంటే 104 వస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. ఈ సగం నిబంధన జర్మన్ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్లలో బాగా కనిపిస్తుంది. మూడు షీట్లు పోయాయి కాబట్టి మిగిలిన పదింటిలో, అంటే 160లో, 104 రావాలి. సగం కాస్తా 65% అయిందన్నమాట. ఆలస్యంగా చేరిన విద్యార్థి మొదటి రోజే వేసుకోవాల్సిన లెక్క ఇది. వీసా కాగితాలు చూపిస్తే కొందరు ప్రొఫెసర్లు పోయిన షీట్లను లెక్కలోంచి తీసేస్తారు. దానికి మొదటి వారంలోనే మెయిల్ పెట్టాలి. డిసెంబర్‌లో అడిగితే వింటారన్న ఆశ తక్కువ. ఆమె అడిగింది, వాళ్లు ఒప్పుకోలేదు.

నాలుగు నుంచి ఏడు దాకా షీట్లు దిద్ది ఇచ్చారు. ఫంక్షనల్ అనాలిసిస్‌లో 64కి 15. మిగిలిన ఆరు షీట్ల 96లో ఇంకా 89 రావాలి. పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో ఒక్క షీట్ ఇచ్చి మానేసింది, వచ్చింది 3. ఇంకా 101 కావాలి, ఉన్నవే 96. ప్రాబబిలిటీలో 27, కావాల్సింది 77. న్యూమరిక్స్‌లో 38, కావాల్సింది 66.

గంటలూ లెక్కేశాం. అక్కడ ఒక క్రెడిట్ అంటే 30 గంటల పని, 9 క్రెడిట్లంటే 270. పరీక్ష ముందు చదువుకు 50 తీసేస్తే మిగిలిన 220 గంటలు 14 వారాలకు పంచాలి. కోర్సుకు వారానికి 16 గంటలకు కాస్త అటూఇటూ. నాలుగు కోర్సులకు 63. దానికి తోడు జర్మన్ భాష ఏ-వన్ క్లాసు, వారాంతాల్లో ఒక గోడౌన్‌లో పని. పునాది గట్టిగా ఉన్న జర్మన్ విద్యార్థులు కూడా ఇలాంటి కోర్సులు సెమిస్టర్‌కు మూడుకు మించి పెట్టుకోవడం అరుదు.

లోపం ఎక్కడుంది

మార్కులు ఎంత తగ్గాయో లెక్క చెప్పింది. ఎందుకు తగ్గాయో చెప్పింది ఒక్క జవాబు పత్రం. ఫంక్షనల్ అనాలిసిస్ నాలుగో షీట్‌లో ప్రశ్న: ఎల్-టూ స్పేస్‌లో క్లోజ్డ్ యూనిట్ బాల్ కాంపాక్ట్ అవుతుందా, అంటే అందులో ఏ సీక్వెన్సు తీసుకున్నా బాల్‌లోని బిందువుకే కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ దొరుకుతుందా? వర్గాల మొత్తం పరిమితంగా ఉండే అనంత సీక్వెన్సుల స్పేస్ అది. ఆమె రాసింది ఒకటే వాక్యం: ‘క్లోజ్డ్, బౌండెడ్, కాబట్టి హైనె–బోరెల్ సిద్ధాంతం ప్రకారం కాంపాక్ట్.’ సున్నా మార్కులు.

సరైన జవాబూ పొడుగేమీ కాదు. మొదటి స్థానంలో 1, మిగతా అన్నీ సున్నాలు ఉన్నది మొదటి వెక్టర్. రెండో స్థానంలో 1 ఉన్నది రెండోది. ఇలా అనంతంగా తీసుకోవచ్చు. ప్రతిదాని పొడవూ 1, అన్నీ బంతిలోనే ఉన్నాయి. ఏ రెండింటి మధ్య దూరమైనా రూట్ 2. ఒకదానికొకటి ఎప్పటికీ దగ్గరపడవు కాబట్టి అందులోంచి కన్వర్జ్ అయ్యే సబ్‌సీక్వెన్స్ దొరకదు. కాంపాక్ట్ కాదు.

పరిమిత డైమెన్షన్లలో క్లోజ్డ్, బౌండెడ్ సెట్లు కాంపాక్ట్ అని చెప్పేది హైనె–బోరెల్. దాని ప్రూఫ్ రాయమంటే ఆమె పుస్తకం చూడకుండా పేజీ నిండా రాసింది, ఎక్కడా తప్పులేదు. ‘ఈ ప్రూఫ్‌లో డైమెన్షన్లు పరిమితమన్న సంగతి ఏ లైన్‌లో వాడారు?’ అని అడిగితే వేలు పెట్టి చూపలేకపోయింది. డిగ్రీ పరీక్షలో ‘స్టేట్ అండ్ ప్రూవ్’ అంటారు. సిద్ధాంతం ఎక్కడ పనిచేయదో అడగరు. అక్కడి షీట్లు ఎక్కువగా అడిగేది అదే. కాబట్టి ఆమెకు తెలివి తక్కువనో, కష్టపడటం లేదనో అనుకోవడానికి లేదు. తెలిసిన సిద్ధాంతం ఎంతవరకు నడుస్తుందో తెలియకపోవడం ఒక లోపం. లెబేగ్ ఇంటిగ్రల్ లాంటివి అసలే చూడకపోవడం ఇంకో లోపం. మొదటిది సాధనతో పోతుంది, రెండోదానికి వేరే కోర్సు కావాలి. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే సలహా తప్పుతుంది. మా మొదటి సలహా కొంత అలాగే తప్పింది.

చేసి చూసినవి, ఫలించనివి

మా దగ్గరకు రాకముందు ఆమె రెండు పనులు చేసింది. రాత్రిళ్లు యూట్యూబ్ పాఠాలు చూసింది. చూస్తున్నంతసేపు అర్థమైనట్టే ఉండేది, షీట్ ముందు పెట్టుకుంటే మొదటి లైన్ రాలేదు. రెండోది జంటగా షీట్లు ఇవ్వడం. ఇద్దరు కలిసి ఒకే షీట్ ఇవ్వొచ్చన్న వీలు అక్కడ ఉంది. ప్రాబబిలిటీలో జతగా దొరికిన విద్యార్థి గట్టివాడు, అతను రాస్తే ఈమె పేరు చేర్చేది. ఆ 27 మార్కుల్లో తన సొంతం ఎన్నని అడిగితే “ఆరో ఏడో ఉంటాయి” అంది. ట్యుటోరియల్‌లో బోర్డు దగ్గరకు పిలిచి, ఈ లైన్‌లో లిమిట్‌ను ఇంటిగ్రల్ లోపలికి ఎలా తీసుకెళ్లారని అడిగారు. దానికి వీలిచ్చే సిద్ధాంతం డామినేటెడ్ కన్వర్జెన్స్, ఆ పేరే ఆమె వినలేదు. ఆ తర్వాత ట్యుటోరియల్‌కు వెళ్లడం మానేసింది.

మేం ఇచ్చిన మొదటి ప్లాన్ ఇది: ఫంక్షనల్ అనాలిసిస్, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వెంటనే వదిలెయ్యాలి. న్యూమరిక్స్, ప్రాబబిలిటీ ఉంచుకోవాలి. లెబేగ్ లోటు పూడ్చడానికి బ్యాచిలర్స్‌లో నడుస్తున్న మూడో భాగం అనాలిసిస్ క్లాసులో పక్కనే కూర్చోవాలి.

మొదటి సగం సరైనదే. రెండో సగం నాలుగైదు వారాల్లో కూలింది. ఒక కారణం భాష. మాస్టర్స్ ఇంగ్లిష్‌లో ఉన్నా బ్యాచిలర్స్ కోర్సులు జర్మన్‌లోనే చెబుతారు. బోర్డు మీది సమీకరణాలు ఏ భాషలోనైనా ఒకటే, నిజమే. ‘ఇక్కడ ఈ ఊహ ఎందుకు కావాలంటే’ అని ప్రొఫెసర్ నోటితో చెప్పే మాటే ఆమెకు కావాల్సింది, అదే అందలేదు. రెండో కారణం ఇంకా పెద్దది, అది మేం ముందే చూడాల్సింది: వరస. ఆ ప్రాబబిలిటీ కోర్సు మూడో వారానికే కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్‌లోకి వెళ్లింది. అది ఉందని ఆ కోర్సులో చూపింది రాడన్–నికొడిమ్ సిద్ధాంతంతో. అనాలిసిస్ క్లాసులో ఆ సిద్ధాంతం సెమిస్టర్ చివర్లో వస్తుంది. కావాల్సిన పనిముట్టు, దాన్ని వాడే పని అయిపోయిన మూడు నెలలకు చేతికొస్తుంది. లోటు పూడ్చే కోర్సును, ఆ లోటుతో ఇబ్బందిపెట్టే కోర్సుతో పక్కపక్కనే పెట్టుకోకూడదు. ముందుదాన్ని ముందు సెమిస్టర్‌లోనే పెట్టాలి.

ప్రాబబిలిటీని ఎందుకు ఉంచమన్నాం? అంకెలు 80% రావాలంటున్నాయి, అప్పటిదాకా తన సొంత మార్కులు 64లో పదో వంతు. ఆమెకు అది ఇష్టం, ఉద్యోగానికి పనికొస్తుంది అన్న మాట మా లెక్క మీద బరువు వేసింది. ఎనిమిదో షీట్‌లో 4, తొమ్మిదో షీట్‌లో 3 వచ్చాయి. క్రిస్మస్ సెలవుల తర్వాత దాన్నీ వదిలించాం. దాదాపు 80 గంటలు నష్టం.

పరీక్ష రిజిస్ట్రేషన్ గురించి ఒక మాట

కోర్సు వదిలితే మార్కుల పత్రంలో ఫెయిల్ అని పడుతుందని ఆమె భయం. తెలుగు విద్యార్థుల్లో ఈ భయం చాలామందిది. ఆ యూనివర్సిటీలో మూడ్‌ల్‌లో (కోర్సు నోట్స్, షీట్లు పెట్టే వెబ్‌సైట్‌లో) కోర్సుకు చేరడం వేరు, క్యాంపస్ పోర్టల్‌లో పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. మొదటిదానికి లెక్కే లేదు, పది కోర్సుల్లో చేరి తొమ్మిది మానేసినా ఎవరూ అడగరు. రెండోదాంతోనే అటెంప్ట్ మొదలవుతుంది. అక్కడ పరీక్షకు వారం ముందు వరకు రిజిస్ట్రేషన్ వెనక్కి తీసుకోవచ్చు. ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఎవరి పరీక్షల నిబంధనావళి వాళ్లు చదువుకోవాల్సిందే. సీనియర్ చెప్పాడని నమ్మొద్దు, అతను జర్మనీలో వేరే రాష్ట్రంలో ఉండొచ్చు.

చాలా చోట్ల ఒక మాడ్యూల్‌కు మూడు అటెంప్టులే. తప్పనిసరి మాడ్యూల్‌లో మూడూ పోతే ‘ఎండ్‌గ్యుల్టిగ్ నిఖ్ట్ బెష్టాండెన్’, అంటే శాశ్వతంగా ఫెయిల్. దాంతో ఆ ప్రోగ్రామ్ అక్కడితో ఆగిపోతుంది, వేరే జర్మన్ యూనివర్సిటీలో అదే చదువు అందుకోవడానికీ అది అడ్డొస్తుంది. ‘రాసి చూద్దాం, పోతే పోయింది’ అన్న మన సప్లిమెంటరీ లెక్క అక్కడ ప్రమాదం. మూడు కోర్సుల్లోనూ ఆమె రిజిస్ట్రేషన్ సమయానికి తీసేయించడంతో ఒక్క అటెంప్ట్ కూడా ఖర్చు కాలేదు. మొదటి సెమిస్టర్‌లో సరిగ్గా జరిగిన పని అదొక్కటే అన్నా తప్పులేదు.

పనిచేసినది

న్యూమరిక్స్ ఒక్కటే మిగిలింది. దాన్ని ఉంచడానికి కారణం 59% మార్కులు మాత్రమే కాదు. ఆ మార్కులు ఎక్కడ పోతున్నాయో చూశాం. షీట్‌లో నాలుగు ప్రశ్నలు: ఒక ప్రోగ్రామ్, ఒక లెక్క, రెండు ప్రూఫులు. ప్రోగ్రామ్, లెక్క ఆమెకు పూర్తిగా వస్తున్నాయి. న్యూటన్–రాఫ్సన్, రుంగె–కుట్టా డిగ్రీ ఆరో సెమిస్టర్‌లో చేతితో చేసినవే. పోతున్నవి ఎర్రర్ ఎస్టిమేట్ ప్రూఫులు. వాటికి కావాల్సింది టేలర్ సిద్ధాంతం, మ్యాట్రిక్స్ నార్మ్, పరిమిత డైమెన్షన్ల లీనియర్ ఆల్జీబ్రా. అన్నీ ఆమె చదివినవే, వాడటం రాలేదంతే. అంటే ఇక్కడ ఉన్నది పైన చెప్పిన మొదటి రకం లోపమే. వారానికి ఒక ప్రూఫ్‌ను మూడుసార్లు తిరగరాయించాం. చివరి ఆరు షీట్లలో 96కి 71 వచ్చాయి, మొత్తం 109. గీత దాటింది. ఫిబ్రవరి పరీక్షలో 3.3 గ్రేడు. అక్కడ 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 వరకు పాస్.

తర్వాత కోర్సులు ఎంచుకోవడానికి ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఏ కోర్సు తీసుకోవాలనుకున్నా దాని కిందటేడు షీట్లు సంపాదించాలి, డిపార్ట్‌మెంట్ పేజీలోనో స్టూడెంట్ యూనియన్ దగ్గరో దొరుకుతాయి. మొదటి షీట్ వద్దు. అది పాతవి గుర్తుచేసే షీట్, అందరికీ వస్తుంది, అదే మోసం చేస్తుంది. మూడోదో నాలుగోదో తీసుకోవాలి. కోర్సు నోట్స్ పక్కన పెట్టుకోవచ్చు, ఇంటర్నెట్ వద్దు. రెండు గంటలు. చివర్లో ఒక్కో ప్రశ్నకు మూడు సంగతులు రాసుకోవాలి: ప్రశ్నలో ప్రతి మాటకూ నిర్వచనం తెలుసా, మొదటి లైన్ రాయగలిగానా, జవాబు చూశాక మర్నాడు చూడకుండా తిరిగి రాయగలిగానా.

సగం ప్రశ్నల్లో మాటలే తెలియకపోతే ఆ కోర్సు ఈ సెమిస్టర్‌కు కాదు. దానికి ముందు రావాల్సిన కోర్సేదో లేదన్నమాట. మాటలు తెలిసి మొదటి లైన్ రాకపోతే తీసుకోవచ్చు, అలాంటిది సెమిస్టర్‌కు ఒక్కటే. మొదటి లైన్ వచ్చి మధ్యలో ఆగిపోతే నిశ్చింతగా తీసుకోవచ్చు, అందరూ ఆగేది అక్కడే. మూడో సంగతి కోర్సు ఎంచుకోవడానికి పెట్టింది కాదు, వారానికి ఎన్ని గంటలు పడుతుందో ముందే తెలుసుకోవడానికి. జవాబు చూశాక కూడా రాయలేకపోయినవి రెండుంటే 16 గంటలను 22 అనుకోవాలి.

ఈ పరీక్షతో వేసవి సెమిస్టర్‌కు డిస్క్రీట్ ఆప్టిమైజేషన్ 9, న్యూమరికల్ లీనియర్ ఆల్జీబ్రా 6, మైనర్ (అనుబంధ సబ్జెక్టు) కింద కంప్యూటర్ సైన్స్ నుంచి ఆల్గరిథమ్స్ 6, మొత్తం 21 క్రెడిట్లు పెట్టుకుంది. 30 పెట్టుకోవాలని ఆమెకు తొందర. మిగిలిన గంటలు లోటు పూడ్చడానికి కావాలని ఆపాం.

ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా క్లాసులుండవు. ఆ ఎనిమిది వారాలు ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ పని చేశాయి. పరీక్షకు పోగా రెండు వారాలు మెట్రిక్ స్పేసులు, నాలుగు వారాలు మెజర్ థియరీ (లెబేగ్ ఇంటిగ్రల్‌కు పునాది), ఒక వారం అనేక చరరాశుల డెరివేటివ్. జర్మన్ క్లాసు కాకుండా ఇంగ్లిష్ నోట్స్‌తోనే. మెజర్ థియరీలో ఏం వదలాలో కూడా తేల్చాం. కారథియోడొరీ పద్ధతిలో మెజర్‌ను నిర్మించే భాగం నమ్మకం మీద దాటెయ్యమన్నాం. ఫంక్షనల్ అనాలిసిస్ వాడేది ఆ నిర్మాణాన్ని కాదు, కన్వర్జెన్స్ సిద్ధాంతాలు మూడు, ఫుబీని, ఎల్-పీ స్పేసుల కంప్లీట్‌నెస్. స్వయంగా చదివేవాళ్లు మొదటి అధ్యాయం దగ్గరే అలసిపోయి పుస్తకం మూసేది ఆ నిర్మాణం వల్లే. రోజుకు ఒక ప్రూఫ్: చదవాలి, మూయాలి, రాయాలి, ఆగిన లైన్ కింద గీత పెట్టాలి. మర్నాడు ‘ఏ ఊహ తీసేస్తే ఇది కూలుతుంది, ఉదాహరణ ఏది’ అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. యూనిట్ బాల్ దగ్గర లేనిదల్లా ఆ రెండో రోజు పనే.

ఆ నెలల్లోనే కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్‌ను కూడా చిన్న ఉదాహరణతో మళ్లీ చూపించాం. పాచిక వేశారు, పడిన అంకె సరో బేసో మాత్రమే మీకు చెప్పారు. సరి అయితే సగటు 2, 4, 6ల సగటు 4. బేసి అయితే 1, 3, 5ల సగటు 3. ‘సరైతే 4, బేసైతే 3’ అన్న ఆ కొత్త రాండమ్ వేరియబులే కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్. అంతేకాదు, సరి–బేసి తెలిసినంత మేరకు పాచిక అంకెకు అతి దగ్గరగా వెళ్లే ఫంక్షన్ అదే, అంటే ఒక ప్రొజెక్షన్. హిల్బర్ట్ స్పేస్‌లో ప్రొజెక్షన్ ఉంటుందని ఫంక్షనల్ అనాలిసిస్ చూపిస్తుంది. కోర్సుల వరస ఏమిటో దీంతో ఆమెకే తేలింది: మెజర్, ఫంక్షనల్ అనాలిసిస్, ఆ తర్వాత ప్రాబబిలిటీ. సీనియర్లు చెప్పగా మొదటి సెమిస్టర్‌లోనే తీసుకున్న ప్రాబబిలిటీ దీంట్లో చివరిది.

ఫంక్షనల్ అనాలిసిస్ అక్కడ శీతాకాలంలోనే ఉంటుంది. అందుకని క్యాలెండర్ వెనకనుంచి గీశాం: థీసిస్‌కు ఏం కావాలి, అది ఏ సెమిస్టర్‌లో నడుస్తుంది, దాని ముందుది ఎప్పుడు. నాలుగు సెమిస్టర్లలో కుదరదని అప్పుడే స్పష్టమైంది. ఇంట్లో చెప్పడం ఆమెకు అన్నిటికన్నా కష్టమైన భాగం. వాళ్ల నాన్నగారితో ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఆయన అడిగింది ఒకటే: “నూటికి తొంభై దాటే పిల్ల సార్, అక్కడికెళ్లి ఎందుకిట్లయింది?” జవాబుగా రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి పంపాం. ఖర్చూ దాచలేదు. బ్లాక్‌డ్ అకౌంట్ (వీసా కోసం జీవన ఖర్చు ముందే జమచేసే ఖాతా) లెక్క 2024 సెప్టెంబర్ నుంచి నెలకు 992 యూరోలు, ఆరు నెలలకు 5,952. ఐదో సెమిస్టర్ ధర కనీసం అది, దానికి సెమిస్టర్ ఫీజు అదనం. ఎడ్యుకేషన్ లోన్ ఇచ్చిన బ్యాంకుకు కోర్సు పొడిగింపు సంగతి వాయిదాలు మొదలయ్యే నెలలో కాకుండా అప్పుడే, యూనివర్సిటీ లెటర్‌తో చెప్పించాం. రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపుకూ చదువు ముందుకు కదులుతోందని చూపే పత్రం అడుగుతారు. అప్పుడు 36కి రిజిస్టరై సున్నా తెచ్చుకున్న మెమో కన్నా 21కి 21 తెచ్చుకున్న మెమో మేలు.

డిపార్ట్‌మెంట్ కోర్సు సలహాదారు దగ్గరకు ఆమె మొదట నవంబర్‌లోనే వెళ్లింది. ‘ఏ సబ్జెక్టు స్కోరింగ్?’ అని అడిగింది. ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. రెండోసారి కాగితం మీద రాసుకుని వెళ్లింది: ‘నాకు ఈ పద్నాలుగు అంశాలు తెలుసు, ఈ ఆరు తెలియవు. ఈ మూడు కోర్సుల్లో ఆ ఆరూ లేకుండా మొదటి నాలుగు వారాలు నడిచేది ఏది?’ ఆయన పది నిమిషాల్లో ఒకదాన్ని కొట్టేసి, రెండోదాని కింద గీత పెట్టి, మూడోదాని ప్రొఫెసర్‌కు మెయిల్ రాశారు. కన్సల్టెన్సీ ఇవ్వలేని సలహా అక్కడ ఉచితంగా దొరుకుతుంది, అడిగే తీరు తెలియాలంతే.

ఆ తర్వాత

వేసవి సెమిస్టర్‌లో పెట్టుకున్న 21 క్రెడిట్లూ వచ్చాయి, మొత్తం 30. సెప్టెంబర్‌లో పాత ఫంక్షనల్ అనాలిసిస్ షీట్లతోనే రెండు గంటల పరీక్ష పెట్టుకుంది. మూడో షీట్‌లో నాలుగు ప్రశ్నల్లో రెండు పూర్తిగా చేసింది, మూడోది మధ్యలో ఆగింది. మూడో సెమిస్టర్‌లో ఫంక్షనల్ అనాలిసిస్‌తో పాటు న్యూమరిక్స్ రెండో భాగం, ఒక మైనర్ కోర్సు: 24. నాలుగో సెమిస్టర్‌లో 30, అందులో ఇన్వర్స్ ప్రాబ్లమ్స్ అనే 9 క్రెడిట్ల కోర్సు ఒకటి. ఐదో సెమిస్టర్‌లో ఒక సెమినార్ 6, థీసిస్ 30. మొత్తం 120.

థీసిస్ ఆ ఇన్వర్స్ ప్రాబ్లమ్స్‌లోనే. మసకబారిన కొలతల నుంచి అసలు ఫంక్షన్‌ను తిరిగి రాబట్టే సమస్యలు ఎందుకు అంత సున్నితంగా ఉంటాయి, కొలతలో చిన్న తప్పు జవాబులో పెద్దదెందుకవుతుంది అన్నది అక్కడి మొదటి ప్రశ్న. ఫంక్షన్‌ను కొలతగా మార్చే ఆపరేటర్ అక్కడ కాంపాక్ట్. దాని ఇన్వర్స్ బౌండెడ్ అయితే, అంటే చిన్న తప్పును అదుపులో ఉంచేదైతే, ఆ రెండూ కలిపి వచ్చే ఐడెంటిటీ కూడా కాంపాక్ట్ కావాలి, అంటే యూనిట్ బాల్ కాంపాక్ట్ కావాలి. అనంత డైమెన్షన్ల స్పేస్‌లో అది కాదు. నాలుగో షీట్‌లో సున్నా తెచ్చిన ప్రశ్న థీసిస్ రెండో పేజీలో ప్రూఫ్‌గా ఉంది.

ప్రాబబిలిటీ మాత్రం ఆమె మెమోలోకి రాలేదు. వరసలో దాని వంతు వచ్చేసరికి క్రెడిట్లు అయిపోయాయి. ఫైనాన్స్ వైపు వెళ్లాలన్న కోరిక అలాగే ఉంది. రెండు ఇంటర్వ్యూల్లో ఆ ఖాళీ గురించి అడిగారు. రెండింట్లోనూ పాచికతో మొదలుపెట్టి ప్రొజెక్షన్ దాకా చెప్పుకొచ్చింది. ఒకచోట తీసుకోలేదు, రెండోచోట ఇంకా జవాబు రాలేదు.